కొండ దిగాక కూలి

ఎనిమిది నల్లటి రబ్బరు బిళ్లలు. ఒక్కొక్కటీ అర్ధరూపాయి నాణెమంత.

ఇన్‌స్పెక్టర్ శ్రీరామ్మూర్తి ఒక రాతి పలక మీద కాగితం పరిపించి, వాటిని వరసగా పేర్పించాడు. పక్కనే చలమయ్యగారి జీపు ఉంది. జీపు అనడం అలవాటు కొద్దీ అనడమే. నిన్న పొద్దున ఆయనతో సహా అరవై అడుగుల గోతిలో పడి, సాయంత్రానికి క్వారీ క్రేను గొలుసుకి వేలాడుతూ పైకొచ్చిన ఇనుము అది. ముందు సీటు మీద మరక ఎండి నల్లబడింది. ఈగలు దాన్ని వదలడం లేదు.

"నాలుగు చక్రాల్లోంచీ తీసిన సరుకు ఇదీ. కొత్తవి వేశానని నూట ముప్పై రూపాయలు పుచ్చుకున్నాడు నీ మెకానిక్కు. ఇవి కొత్తవేనా నీలకంఠం? నువ్వే చెప్పు" అన్నాడు శ్రీరామ్మూర్తి.

ప్రైవేట్ డిటెక్టివ్ నీలకంఠం వంగి ఒక బిళ్ల అందుకున్నాడు. సబ్బవరం అవతల మెట్టపల్లెలో పుట్టి, బి.ఏ. చదివి, పదేళ్లు ప్లీడరు గుమాస్తాగా గట్టు తగాదాలు కొలిచి కొలిచి, ఆఖరికి ఈ వృత్తిలో పడ్డవాడు. చూసేముందు వాసన చూడటం అతని పద్ధతి. చూశాడు.

"కిరసనాయిలు."

"అదే మరి! అరిగిపోయిన రబ్బరుని రాత్రంతా కిరసనాయిల్లో నానబెడితే ఉబ్బి నిగనిగలాడుతుందిట. చూసేవాడికి కొత్తదే. సమమైన రోడ్డు మీద బాగానే పట్టుకుంటుంది. వాలులో పదేపదే తొక్కితే వేడెక్కి మెత్తబడి, ఉన్నట్టుండి ఆయిలంతా వదిలేస్తుంది. బండ్లు తనిఖీ చేసే ఆఫీసరు పొద్దున్నే చెప్పి వెళ్లాడు."

నీలకంఠం గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. మూడు గంటలకి మెకానిక్ అప్పలసూరిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ వాడు 'పాతవే వేశాను' అన్న ఒక్క మాట అన్నాడంటే, ఆ మాటని మళ్లీ వెనక్కి తీసుకోవడం ఏ ప్లీడరు తరమూ కాదు. ఆ మాట అనేలాగే ఉన్నాడు వాడు.

అప్పలసూరి జీపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతులకి బేడీలు. పక్కన కానిస్టేబుల్. ముప్పై అయిదేళ్ల మనిషి ఒక్క రాత్రిలో యాభై అయిదేళ్ల మనిషిలా ఉన్నాడు. కూర్మన్నపాలెం జంక్షన్లో వాడి షెడ్డుకి బోర్డు లేదు. బోర్డు లేకపోయినా ఈ కొండ మీద తిరిగే లారీలన్నీ బ్రేకు పనికి వాడి దగ్గరికే పోతాయి. రాత్రే వెళ్లి నీలకంఠాన్ని పిలుచుకొచ్చిన వాడి భార్య దేముడమ్మ నాలుగడుగుల దూరంలో క్యారేజీ పట్టుకుని నిలబడింది. అందులో అన్నం చల్లారిపోయింది. దగ్గరికి పోనివ్వలేదు.

వాళ్లందరికీ వెనక, రాళ్లు కొట్టే కూలీలు. పాతిక మంది ఉంటారు. పని ఆపేసి వచ్చారు. ఒక్కొక్కళ్ల చేతిలోనూ సమ్మెట ఉంది. చలమయ్య గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి కంకర తోలుతూ, వీళ్లందరికీ ఆరేళ్లుగా అన్నం పెట్టిన కాంట్రాక్టరు.

నీలకంఠం అప్పలసూరి ముందు కూర్చున్నాడు.

"సూరీ, మొన్న పని ఎన్ని గంటలకి అయింది?"

"నాలుగున్నరకండి. నాలుగు సక్రాలూ ఇప్పి, కొత్త రబ్బర్లేసి, ఆయిలు పోసి, గొట్టాల్లో గాలి తీసీసినాను. పైనుంచి కిందకి నానే తోల్నాను. సలమయ్యగారు పక్కన కూకున్నారు."

ఈ క్వారీలో కట్టుబాటు అది. బ్రేకు పని చేసినవాడే బండిని మొదటిసారి కొండ దింపాలి. యజమాని పక్కన కూర్చోవాలి. కింద లారీలు తూచే కాటా దగ్గర బండి ఆగాకే కూలి ఇస్తారు. సామాను డబ్బు ముందు, చేతిపని డబ్బు కొండ దిగాక. ఎవరు పెట్టారో తెలీదు గానీ మెకానిక్కులకీ బండ్లవాళ్లకీ మధ్య నమ్మకం అనేది ఆ మూడు మలుపుల రోడ్డు మీదే తేలేది.

"కిందకి దిగాక?"

"కూలి యాబై అడిగినాను. పాతిక ఇచ్చి, 'మీరంతా పాత సామానేసి కొత్తదానికి డబ్బుల్లాగే జాతి' అన్నారు. అందరి ముందూ అన్నారండి. నాకు కోపం ఒచ్చీసింది. 'బ్రేకు దగ్గిర బేరమాడకండి, పేనం మీదకొత్తాది' అన్నాను. అంతే."

"ఇరవై మంది విన్నారు ఆ మాట. పధ్నాలుగు గంటల్లో మనిషి పోయాడు. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు వెనకనుంచి శ్రీరామ్మూర్తి.

అప్పలసూరి బేడీలతోనే నీలకంఠం లాల్చీ అంచు పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. ఆ గొంతులో ఉన్నది పోలీసు దెబ్బల భయం కాదు. అంతకన్నా లోతుది.

"బాబూ... నానే మర్సిపోయి పాతవి మళ్లీ ఏసీసినానేటి? ఇరవయ్యేళ్లనించి సేత్తన్న పని. సెయ్యి దానంతటదే పోతాది. రేత్రంతా ఆలోసించినాను. కొత్త పేకెట్టు సింపినట్టు గురుతుంది. లోపలెట్టినట్టు గురుతు రాడం నేదు. నా సేత్తోనే సంపీసినానేటి బాబూ ఆయన్ని?"

తప్పు చేసినవాడు బుకాయిస్తాడు. చెయ్యనివాడే ఇలా తన చేతుల్ని తనే అనుమానిస్తాడు. మూడు గంటలకి మేజిస్ట్రేటు అడిగితే వీడు చెప్పబోయే జవాబు ఇదే.

"పాతవి ఏం చేశావ్?"

"ఎప్పుడూ సేసినట్టే. బ్లేడుతో గాటెట్టి, గుడ్డసంచిలో ఏసి, ఓనరు సేతికే ఇచ్చీసినాను. గాటెట్టకపోతే మళ్లీ ఎవడో ఒకడు అమ్మీస్తాడండి. డ్రైవర్ల సేతికి ఇవ్వను. అందుకే ఆళ్లకి నానంటే పడదు."

నీలకంఠం లేచి, లాల్చీ జేబులోంచి గుడ్డసంచి తీశాడు. పొద్దున ఎనిమిదింటికి గాజువాకలో చలమయ్య ఇంటికి వెళ్లాడు. ఆయన భార్య మంగాయమ్మ మంచం మీంచి లేవలేదు. లేవకుండానే ఒక మాట చెప్పింది: "ఆయన ఎవర్నీ నమ్మేవారు కాదండీ. పాత సామాను ఇంటికి తెచ్చి నాకు చూపించి, ఇదిగో నా డబ్బు దీనికే పోయింది అనేవారు. ఈసారి మాత్రం కిటికీలో పెట్టి, రేపు ఆ అబ్బాయికి మిగతా పాతికా ఇచ్చెయ్యాలే అన్నారు." తరవాత గోడవైపు తిరిగిపోయింది.

సంచి బోర్లిస్తే ఎనిమిది బిళ్లలు పడ్డాయి. ఒక్కొక్కదానికీ అంచున బ్లేడు గాటు.

శ్రీరామ్మూర్తి పగలబడి నవ్వాడు.

"ఇదా నీ సాక్ష్యం! షెడ్డులో పాతవి బుట్టెడు ఉంటాయి. ఎనిమిది ఏరి, గాటుపెట్టి, ఇవే మీవి అని ఇచ్చేస్తాడు. మోసం చేసేవాళ్లంతా చేసే పనే అది. పొలం గట్లు కొలుచుకోక నీకెందుకయ్యా ఈ డిటెక్టివ్ పని?"

"గట్లు కొలిచేవాడికి ఒకటి తెలుసు సార్. రాయి జరిపినా, రాయి పాతుకున్న చోట మట్టికి గురుతుంటుంది." నీలకంఠం జీపు వెనక ఎడమ చక్రం దగ్గరికి నడిచాడు. చక్రం విప్పేసి ఉంది. లోపల బొటనవేలు పట్టేంత ఇనప గొట్టం. బ్రేకు తొక్కితే దీనిలోకే ఆయిలు తోసుకొస్తుంది. గొట్టానికి రెండువైపులా ఉన్న రబ్బరు బిళ్లల్ని తోస్తుంది. అవి చక్రాన్ని పట్టుకునేలా చేస్తాయి.

"ఒక్కసారి మీ వేలు పెట్టండి."

"ఎందుకు?"

"పాములు లేవు సార్. పెట్టండి."

ఇన్‌స్పెక్టరు చిరాగ్గా చిటికెన వేలు పెట్టాడు. తిప్పాడు. ఆగాడు.

"గోరుకి తగిలిందా?"

"...ఏదో గీత ఉంది."

"తుప్పు తిని పడ్డ గీత. ఏళ్లనాటిది. ఈ గొట్టంలో తిరిగిన రబ్బరుకి ఆ గీత తగలక తప్పదు. మా ఊళ్లో ఎద్దు మెడ తడిమి, దాన్ని కాడికి ఏ పక్కన కట్టేవాళ్లో చెప్పేస్తారు. ఇప్పుడు ఈ సంచిలోవి చూడండి." రెండు బిళ్లలు ఏరి అరచేతిలో పెట్టాడు. రెండింటికీ పక్కన సన్నటి చార, పుల్లతో గీసినట్టు. "ఇవి ఈ జీపులో అరిగినవే. అంటే అప్పలసూరి నిజంగా ఈ బండివే తీసి ఇచ్చాడు. ఇప్పుడు మీ కాగితం మీదవి చూడండి. ఎనిమిదిట్లో ఒక్కదానికైనా ఆ చార ఉందా?"

శ్రీరామ్మూర్తి ఒక్కొక్కటే తీసి ఎండకి పట్టి చూశాడు. తొందరపడలేదు. మంచి పోలీసే, మొండి పోలీసు అంతే.

"లేదు."

"అవి పాతవే. కానీ ఈ బండి పాతవి కావు. ఇంకేవో బండ్లలో అరిగి, కిరసనాయిల్లో మునిగి, దీనిలోకి వచ్చాయి. ఎప్పుడు? మొన్న నాలుగున్నరకి ఈ జీపు ఇద్దర్ని మోసుకుని కొండ దిగింది. నిన్న ఏడూ పదికి దిగలేకపోయింది. నడుమ ఎవడో నాలుగు చక్రాలూ విప్పాడు."

కూలీల్లో చిన్న కదలిక. దేముడమ్మ క్యారేజీ రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది.

"బండి ఎవరి చేతిలో ఉంది మొన్న రాత్రి?" అని నీలకంఠం గట్టిగా అడిగాడు, సమాధానం తెలిసీ.

క్రేను నీడలో రాయి మీద కూర్చున్న మనిషి తలెత్తాడు. ఎల్లారావు. చలమయ్య డ్రైవరు. నిన్న బ్రేకు పడలేదని తెలియగానే రెండో మలుపు ముందే దూకేసి బతికాడు. చీలమండ వాచి గుమ్మడికాయలా ఉంది. అప్పట్నుంచీ కొండ మీద కూలీల గుడిసెలోనే ఉన్నాడు. కిందకి దిగలేదు.

"నా సేతిలోనే ఉందండి. అయిదూ పదికి కాటా కాడ బయల్దేరి ఇంటికి తీసుకెల్లిపోనాను. అయ్యగారు పనుండి లారీలో ఒచ్చినారు."

"కాటా నుంచి గాజువాక ఇంటికి ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లుంటాది."

"బండి ఎనిమిదింపావుకి వచ్చిందన్నారు మంగాయమ్మగారు. మూడు గంటలా, ఆరు కిలోమీటర్లకి? నడిచొచ్చావా?"

"పంచరైందండి."

"ఏ చక్రం?"

"ఎనకాల... కుడిది."

"మార్చావా, కొట్టులో అతుకు వేయించావా?"

"స్టెప్నీ ఏసుకున్నానండి. నానే మార్సినాను."

నీలకంఠం జీపు వెనక్కి వెళ్లాడు. వెనక తలుపుకి బిగించిన అదనపు చక్రం గోతిలో పడ్డా చెక్కుచెదరలేదు. దాన్ని పట్టుకున్న నట్టు మీద తుప్పు బెల్లం పాకంలా గడ్డకట్టి ఉంది. నట్టుకీ చక్రానికీ మధ్య కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. గూడు పగల్లేదు.

"కందిరీగలకి చెప్పి, మెల్లిగా విప్పి, మళ్లీ గూడు కట్టించావా ఎల్లారావు?"

కూలీల్లో ఒకడు నవ్వబోయి మానేశాడు.

ఎల్లారావు పెదాలు తడుపుకున్నాడు. "తాగినానండి. కల్లు పాకలో కూకున్నాను. అయ్యగారికి తెలిస్తే తిడతారని పంచరన్నాను."

"కల్లు పాకలో ఎవరైనా చూశారా?"

వాడి చూపు నీలకంఠం మీద లేదు. కొంచెం దూరంలో నీడన నిలబెట్టిన పోలీసు జీపు మీద ఉంది. జీపు మీద కూడా కాదు, దాని చక్రాల మీద. పాము పుట్ట మీంచి కళ్లు తిప్పుకోలేని మనిషిలా చూస్తున్నాడు.

"చాలు" అన్నాడు శ్రీరామ్మూర్తి. టోపీ పెట్టుకున్నాడు. "డ్రైవరు అబద్ధమాడాడు. ఒప్పుకుంటా. తాగాడో, ఇంకేం చేశాడో స్టేషన్లో కక్కిస్తా. అంతమాత్రాన మెకానిక్కు సత్యహరిశ్చంద్రుడు అయిపోడు. బండి తిరిగి వీడి షెడ్డుకే వెళ్లిందేమో! ఇద్దరూ కలిసే చేశారేమో!"

"ఇద్దరికీ పడదని సూరి ఇప్పుడే అన్నాడు."

"నిందితుడు అన్నాడు. అది సాక్ష్యమా?"

"అర్ధగంట ఇవ్వండి సార్. ఎల్లారావుని నాకు వదలండి. ఈ లోపల అప్పలసూరిని కదిలించకండి. మేజిస్ట్రేటు ముందు వాడు భయంలో ఏదంటే అది ఒప్పేసుకుంటాడు."

శ్రీరామ్మూర్తి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఆ సమ్మెటలు చూశావా? పాతిక. నా దగ్గర ఉన్నది ఒక కానిస్టేబులూ ఒక డ్రైవరూను. పొద్దున్నుంచి వాళ్లు ఒక్కొక్క అడుగే దగ్గరికి జరుగుతున్నారు. నువ్వు బిళ్లలు లెక్కపెడుతున్నావు, నేను అడుగులు లెక్కపెడుతున్నా. నీ అర్ధగంటలో వీడు బతికుంటాడని నువ్వు రాసిస్తావా?"

నీలకంఠం వెనక్కి చూశాడు. నిజమే. మొదట క్రేను అవతల ఉన్నవాళ్లు ఇప్పుడు క్రేనుకి ఇవతల ఉన్నారు. ముందు నిలబడ్డవాడి సమ్మెట కొన రాయి మీద టక్కు టక్కుమని కొడుతోంది, వాడికే తెలియకుండా.

రాసివ్వలేకపోయాడు.

"ఎక్కించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. పోలీసు డ్రైవరు సన్యాసిరాజు జీపు స్టార్టు చేశాడు. కానిస్టేబులు అప్పలసూరిని వెనకాల ఎక్కించాడు. "ఏయ్ ఎల్లారావు! నువ్వూ ఎక్కు."

"నాను నడిసొచ్చేత్తానండి."

"ఆ కాలితోనా?"

"నడిసొచ్చేత్తాను బాబూ. జీపు ఎక్కాలంటే నిన్నటిది గురుతొచ్చి గుండె దడదడలాడతంది. కాల్లట్టుకుంటాను, నన్నొగ్గీండి!" వాడు నిజంగానే నేలమీద పడ్డాడు. వణుకు నటన కాదు. పళ్లు టకటకలాడటం నీలకంఠానికి వినిపించింది.

కూలీలు ఇంకో అడుగు వేశారు. ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "సరే, లారీలో తగలడు. నీలకంఠం, వీడు కాటా దగ్గర కనిపించకపోతే నిన్ను లోపలేస్తా." జీపు కదిలింది. దేముడమ్మ పరిగెత్తి క్యారేజీ అందించబోయింది. అందలేదు.

రాళ్ల లోడుతో బయల్దేరబోతున్న లారీ దగ్గర డ్రైవరు తాతబాబు తలుపు తెరిచి పిలిచాడు. "రా బావా ఎల్లారావ్, మా బండెక్కు. సెయ్యియ్యి."

ఎల్లారావు ఎక్కాడు. వాచిన కాలు నేల మీద ఆనించి, రెండో కాలు పైకి పెట్టి, చకచకా ఎక్కాడు. వణుకు పోయింది. సీటులో కూలబడి ఊపిరి కూడా వదిలాడు. నీలకంఠం, దేముడమ్మ వాడి పక్కన ఇరుక్కున్నారు. లారీ కదిలింది. వాలు మొదలైంది. ముందు వంద గజాల దూరంలో పోలీసు జీపు దుమ్ము రేపుకుంటూ పోతోంది.

నీలకంఠానికి ఏదో నలకలా లోపల గుచ్చుతోంది. జీపు ఎక్కాలంటే గుండె దడ. ఎనిమిది టన్నుల రాళ్లతో, అదే కొండ, అదే వాలు, అంతకన్నా పాతబడ్డ లారీ ఎక్కితే దడ లేదు.

బండి భయం కాదు అది. ఆ బండి భయం.

"ఎల్లారావు, ఆ పోలీసు జీపు ఎందుకు ఎక్కలేదు నువ్వు?"

"సెప్పినాను గదండీ."

"దాని చక్రాల వంక ఎందుకలా చూశావ్?"

వాడు కిటికీ వైపు తిరిగాడు. నీలకంఠం వాడి గడ్డం పట్టుకుని ఇటు తిప్పాడు. "నీ యజమాని జీపులోంచి కొత్త రబ్బర్లు విప్పించి అమ్మేశావు. అవునా? ఎంతకి?"

ఎల్లారావు గడ్డం విడిపించుకోబోయాడు.

"ఎంతకిరా?"

"అరవయ్యి." అన్నాడు ఎల్లారావు. "గాజువాక అవతల పాతసామాన్ల కొట్టొకటుందండి. కొత్తవి ఇస్తే అరవై ఇచ్చి, పాతవి బిగించేత్తారు. ఎప్పుడూ ఏటీ అవనేదు బాబూ. శానా బల్లకి సేసినాం, ఏటీ అవనేదు! సూరిగాడు మావూలు ఇవ్వడు, ఏ మెకానిక్కైనా డ్రైవరుకి రూపాయికి పదిపైసలు ఇత్తాడు, ఈడు ఇవ్వడు. నాకేటి మిగల్తాది? అయ్యగారు పోతారని నాకు తెల్దు. దేవుడి సాచ్చిగా తెల్దు."

"ఆ కొట్టులో ఆ రోజు ఇంకే బండి ఉంది?"

ఎల్లారావు చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"సెప్పరా!" ఆ అరుపు దేముడమ్మది. పొద్దున్నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి వాడి జుట్టు పట్టుకుంది. "ఏ బండిరా?"

"సన్నాసిరాజుని నానే తీసుకెల్నాను... ఆడికి తెల్దు. గవర్మెంటోల్లు ఇచ్చిన కొత్త పేకెట్టు ఆల్ల సేతికిచ్చి, టీ తాగడానికి ఎల్లిపోనాడు. ఒకే కిరసనాయిలు డబ్బాలో పదారు బిల్లలు నానెట్టి ఉన్నాయండి. ఎనిమిది మా జీపుకి..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది. మిగతాది ఎవరికీ అక్కర్లేకపోయింది.

పోలీసు జీపుకి మొన్న బిగించారు. నిన్నంతా ఊళ్లో సమమైన రోడ్డు మీద తిరిగింది. ఇవాళ పొద్దున కొండ ఎక్కింది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? దిగడం ఇదే మొదటిసారి.

"ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదురా!"

"సెప్తే నానే సంపినట్టు తెలిసిపోద్ది గదండి..."

"తాతబాబూ, హారను కొట్టు. ఆపకుండా కొట్టు."

లారీ హారను కొండంతా మారుమోగింది. ముందు జీపులోంచి ఖాకీ చొక్కా చెయ్యి ఒకటి బయటికొచ్చింది. శ్రీరామ్మూర్తి. వెనకే ఉండమన్నట్టు, దారివ్వనన్నట్టు కోపంగా ఊపింది. నీలకంఠం కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి అరిచాడు. "బ్రేకు నమ్మకు, గేరులో దింపు! గేరులో!" ఇంజను రొద, దుమ్ము, హారను. ఆ మాట తన చెవికే సరిగ్గా వినపడలేదు. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఇంకా గట్టిగా ఊపింది. తనతో పందెం వేస్తున్నారనుకున్నాడు కాబోలు సన్యాసిరాజు, జీపు కాస్త వేగం పెంచింది.

మొదటి మలుపు. జీపు వెనక ఎర్రదీపం వెలిగింది. బండి నెమ్మదించింది. తిరిగింది.

"పట్టుకుంది" అన్నాడు నీలకంఠం.

తాతబాబు తల అడ్డంగా ఊపాడు. కళ్లు రోడ్డు మీంచి తీయలేదు. "మొదటిది పట్టుకుంటాది బాబూ. నిన్న అయ్యగారి బండికీ మొదటి తొక్కుడికి పట్టుకునే ఉంటాది. వేడెక్కినాక సూడాల."

రెండో మలుపు రెండు వందల గజాలు. కుడివైపు కొండ. ఎడమవైపు నిన్నటి గొయ్యి. చలమయ్య జీపు పడగొట్టుకుపోయిన రోడ్డంచు తెల్లరాళ్ల చోట ఖాళీ ఇక్కణ్ణించే కనపడుతోంది. వాలు ఎక్కువైంది. జీపు వేగం కూడా.

"ఎర్రదీపం ఎలగాల" అన్నాడు తాతబాబు. "ఈపాటికి తొక్కాల. బ్రేకు ఆయిలు తోస్తేనే ఆ దీపం ఎలుగుతాది."

వెలగలేదు.

"తొక్కట్లేదేమో."

"ఈ వాలులో తొక్కకుండా ఎవుడు దిగుతాడు బాబూ? తొక్కతన్నాడు. కింద ఏటీ నేదు."

జీపు ముందు ఎడమకి, తరవాత కుడికి ఊగింది. ముందు తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు ఒక కాలు బయట పెట్టాడు. వెనక్కి తిరిగి లోపలికి ఏదో అరిచాడు. కాలు మళ్లీ లోపలికి తీసుకున్నాడు. దూకలేదు.

"దూకెయ్యమను సూరిని! దూకితే బతుకుతాడు" అన్నాడు ఎల్లారావు ఏడుస్తూ.

"ఎలా దూకుతాడురా?" దేముడమ్మ గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు, అరుపు లేదు. "ఆ కానిస్టేబులు బేడీల గొలుసు జీపు రాడ్డుకి ఏసి తాళం పెట్టినాడు. నాను సూసినాను. క్యారేజీ ఇవ్వబోతే అదే అడ్డొచ్చింది."

మలుపుకి ముందు, కొండవైపు, లారీలు దారిచ్చుకోవడానికి తవ్విన జాగా ఒకటి ఉంది. అక్కడ మాత్రం రోడ్డు రెండు బండ్లకి సరిపోతుంది. లారీ ఆ జాగాలోంచి జీపుని దాటి, దాని ముందుకొచ్చి, ఎనిమిది టన్నుల రాళ్లని అడ్డం పెట్టి, ఆ పోటు తన వెనకకి తగిలించుకోవాలి. ఒక్క గజం తేడా వస్తే గోతిలోకి పోయేది రెండు బండ్లు.

నీలకంఠం దేముడమ్మ వైపు చూశాడు. ఆమె జీపు వైపే చూస్తోంది.

"తాతబాబూ, దాటగలవా?"

తాతబాబు బ్రేకు మీంచి కాలు తీసేశాడు.